పాడే గొంతుకు తగిన మైకు

బతుకమ్మ పండుగ వస్తే ఓరుగల్లు పూలతో నిండిపోతుంది. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ సాయంత్రం హనుమకొండలో వేయి స్తంభాల గుడి దగ్గర, పద్మాక్షి గుట్ట దగ్గర వేలమంది ఆడవాళ్లు చేరుతారు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు ఊరూరా చెరువు కట్టలు పాటలతో మోగుతాయి.

బతుకమ్మ పాటకు ఒక పద్ధతి ఉంది. ఒకామె ముందు పాడుతుంది. చుట్టూ తిరిగేవాళ్లు అందుకుంటారు. చప్పట్లే తాళం. వేరే వాయిద్యం అక్కర్లేదు.

ఇరవై మంది ఆడితే మైకు అవసరం లేదు. రెండు వందల మంది ఆడితే ముందు పాడే ఆమె మాట వెనక వరుసకు అందదు. మాట అందకపోతే వంత తప్పుతుంది. ఆమె ఇంకా గట్టిగా పాడుతుంది. తెల్లారేసరికి గొంతు బొంగురుపోతుంది. అందుకే మైకు పెడతారు.

కానీ చాలా చోట్ల మైకు పెట్టినా మాట అర్థం కాదు. మైకు కీ... అని కూస్తుంది. నలుగురూ చెవులు మూసుకుంటారు. అప్పుడు ఎవరో ఒకరు, "ఈ పాడుడు ఎందుకు? రికార్డు పాటలు పెట్టుండ్రి" అంటారు. పెద్ద పెద్ద బాక్సులు మోగుతాయి. నూరు పాటలు వచ్చిన పెద్దమ్మ ఒక మూలన కూర్చుంటుంది. ఆమె పాట ఆమెతోనే ఆగిపోతుంది.

ఆమె గొంతులో లోపం లేదు. తగిన మైకు ఎంచుకుంటే, దాన్ని సరిగ్గా వాడితే, ఆమె మాట చివరి వరుస దాకా పోతుంది. అది ఎలాగో తెలుసుకుందాం.

మైకు ఏం చేస్తుంది?

మనం పాడినప్పుడు గాలి కదులుతుంది. మైకు తలలో ఒక సన్నని పొర ఉంటుంది. గాలి కదలిక తగిలి ఆ పొర ఊగుతుంది. ఆ ఊపు కరెంటుగా మారుతుంది. అది చాలా చిన్న కరెంటు. తీగ గుండా ఆంప్లిఫయరుకు పోతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెద్దది చేసి బాక్సులకు పంపుతుంది. బాక్సు ఆ కరెంటును మళ్లీ ధ్వనిగా మారుస్తుంది.

మైకుకు చెవి ఉంది గానీ తెలివి లేదు. ఏది పాట, ఏది లొల్లి అని దానికి తెలియదు. తనకు తగిలిన ప్రతి చప్పుడునూ పంపిస్తుంది. పాట మాత్రమే ఎక్కువగా తగిలేటట్టు చూసుకోవాల్సింది మనమే.

రెండు రకాల మైకులు

మైకులలో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి.

ఒకటి డైనమిక్ మైకు. దీనిలో పొరకు ఒక సన్నని తీగచుట్ట అంటుకొని ఉంటుంది. దాని పక్కన అయస్కాంతం ఉంటుంది. పొర ఊగితే తీగచుట్ట ఊగుతుంది. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుంది. ఈ మైకుకు విడిగా కరెంటు ఇవ్వక్కర్లేదు. ఇది మొరటుది. చేయి జారి పడ్డా తొందరగా చెడిపోదు. దగ్గరి గొంతును బాగా పడుతుంది. దూరం చప్పుడును తక్కువగా పడుతుంది.

రెండోది కండెన్సర్ మైకు. ఇది సున్నితమైనది. సన్నని చప్పుడును కూడా పడుతుంది. ఇది పని చేయడానికి కరెంటు కావాలి. కొన్నింటికి సెల్లు వేస్తారు. కొన్నింటికి మిక్సరు నుంచి తీగ గుండానే 48 వోల్టులు ఇస్తారు. ఆకాశవాణి స్టూడియో లాంటి నిశ్శబ్దపు గదిలో ఇది చాలా బాగుంటుంది. చెరువు కట్ట మీద మాత్రం గాలి హోరు, పిల్లల ఏడుపు, బండి హారను అన్నీ దీనికి వినబడతాయి.

అందుకే ఆరుబయట పాడడానికి డైనమిక్ మైకు మేలు.

1966లో అమెరికాలోని షూర్ కంపెనీ ఎస్ఎం 58 అనే డైనమిక్ మైకును అమ్మకానికి తెచ్చింది. గుండ్రని జాలీ తల, కింద పిడి. లోకమంతా పాటగాళ్లు దానికి అలవాటు పడ్డారు. మన దగ్గర దుకాణాలలో కనిపించే చాలా మైకులు ఆ ఆకారంలోనే ఉంటాయి. ఆ పేరు వేసిన నకిలీలు కూడా అమ్ముతారు. కాబట్టి పేరు చూసి మోసపోవద్దు. పాడి చూసి తీసుకోవాలి.

తమలపాకు లాంటి చెవి

కొన్ని మైకులు నాలుగు వైపులా సమానంగా వింటాయి. కొన్ని ముందు వైపే ఎక్కువగా వింటాయి. ముందు వైపు వినే మైకుకు ఎటు ఎంత వినబడుతుందో గీత గీస్తే అది తమలపాకు ఆకారంలో వస్తుంది. ముందు వైపు బాగా వినబడుతుంది. పక్కలకు కొంత తగ్గుతుంది. వెనక వైపు, తొడిమ ఉన్న చోట, దాదాపు వినబడదు.

పది మంది మధ్య ఒకామె పాడాలంటే ఈ తమలపాకు మైకే కావాలి.

సంఘం అక్కలు మైకుసెట్టు కిరాయికి మాట్లాడడానికి పోయారనుకుందాం. దుకాణం అతను ఒక మైకు చూపిస్తాడు.

"అక్కా, గీ మైకు సూడుండ్రి. దూరం కెల్లి గూడ గుంజుకుంటది."

"దూరం కెల్లి గుంజుకుంటే మాకేం లాభం తమ్మీ? పక్కింటి లొల్లి గూడ గుంజుకుంటది గదా! పాడేటామె నోటికాడిది గుంజుకునే మైకు ఇయ్యి."

ఇలా అడిగితే అతనికి అర్థమవుతుంది. వీళ్లకు మైకు సంగతి తెలుసు అని జాగ్రత్తగా ఇస్తాడు.

మైకు ఎందుకు కూస్తుంది?

మైకులో పడిన పాట బాక్సులో వస్తుంది. బాక్సులో వచ్చిన పాట మళ్లీ మైకులో పడుతుంది. అది మళ్లీ బాక్సుకు పోతుంది. బావి గిరక తిరిగినట్టు ఇలా తిరుగుతూ పెరుగుతుంది. అదే కూతగా మారుతుంది.

కూత ఆగాలంటే ఈ తిరుగుడును తెంపాలి. దానికి నాలుగు పనులు చేయాలి.

బాక్సులను పాడేవాళ్ల కంటే ముందుకు జరిపి, జనం వైపు తిప్పాలి. పాడేవాళ్ల వెనక బాక్సు పెట్టవద్దు.

మైకును బాక్సు వైపు చూపవద్దు.

అవసరం లేని మైకును ఆపి ఉంచాలి. ఎన్ని మైకులు తెరిచి ఉంటే కూత అంత తొందరగా వస్తుంది. ముందు పాడే ఆమెకు ఒకటి, వంతపాటకు ఒకటి చాలు.

నాలుగోది మైకును పట్టుకునే తీరు. చాలామంది జాలీ తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. అది తప్పు. మైకు తల లోపల, పొర వెనక, సన్నని సందులు ఉంటాయి. వెనక నుంచి వచ్చే చప్పుడు ఆ సందుల గుండా కూడా పొరను చేరుతుంది. ముందు నుంచి, వెనక నుంచి ఒకేసారి నెడితే పొర కదలదు. అందుకే వెనక చప్పుడు వినబడదు. జాలీని మూస్తే ఆ సందులకు దారి ఉండదు. అప్పుడు మైకు అన్ని వైపులా వింటుంది. వెంటనే కూత మొదలవుతుంది. కాబట్టి పిడినే పట్టుకోవాలి.

ఎంత దూరంలో పెట్టాలి?

జానెడు దూరంలో పాడే ఆమె మూరెడు దూరం జరిగిందనుకోండి. ఆరుబయట మైకుకు అందే గొంతు బలం సగానికి పడిపోతుంది. దాన్ని పెంచడానికి ఆపరేటరు ఆంప్లిఫయరు గుండీ తిప్పుతాడు. గొంతుతో పాటు చుట్టూ ఉన్న లొల్లి కూడా పెరుగుతుంది.

పెదవులకు, మైకుకు మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంటే మంచిది. గొంతు పెంచి పాడేటప్పుడు కొంచెం వెనక్కి జరపాలి. మెల్లగా పాడేటప్పుడు దగ్గరకు తీయాలి.

మరీ దగ్గర పెడితే గొంతు లావుగా, బుం బుం అని వినబడుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అరచేయిని నోటి ముందు పెట్టి "ప, ఫ, బ, భ" అని చూడండి. గాలి తగులుతుంది. ఆ గాలే మైకుకు తగిలి టప్ టప్ మంటుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కొంచెం గడ్డం వైపు పెడితే ఈ చప్పుడు తగ్గుతుంది. మైకు తలకు స్పాంజి తొడుగు వేసినా తగ్గుతుంది.

చప్పట్లు కొడుతూ పాడే ఆమె మైకును చేత్తో పట్టుకోలేదు. ఆమెకు స్టాండు అడగాలి. స్టాండును ఆమె నోటి ఎత్తుకు సరి చేయాలి. ఆమె మైకు కోసం వంగవద్దు. మైకే ఆమె దగ్గరకు రావాలి.

డోలు పక్కన పాట

అన్ని పాటలూ బతుకమ్మ పాట లాంటివి కావు. ఒగ్గు కథ సంగతి చూద్దాం. అయినవోలు మల్లన్న జాతరకు పోయినవాళ్లు ఒగ్గు కథ వినే ఉంటారు. అందులో డోలు మోగుతుంది. తాళాలు మోగుతాయి. వాటి మధ్య కథ చెప్పే మనిషి మాట వినబడాలి.

ఒగ్గు కథకు పేరు తెచ్చినవారిలో చుక్క సత్తయ్య ఒకరు. ఆయనది మాణిక్యాపురం. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆయనకు 2004లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2017లో కన్నుమూశారు. ఒగ్గు కథలో పాట ఉంటుంది, మాట ఉంటుంది, ఆట ఉంటుంది. మాట అందకపోతే కథ అందదు.

డోలుకు బలం ఎక్కువ. చిన్న చోట దానికి మైకు అక్కర్లేదు. కథ చెప్పే మనిషి వెనకే డోలు నిలబడితే, ఆ డోలు మైకుకు ఎదురుగా ఉన్నట్టే. డోలు కూడా మైకులో పడుతుంది. అందుకే డోలును పక్కకు, నాలుగు అడుగులు ఎడంగా నిలబెట్టాలి. కథ చెప్పే మనిషి మైకుకు దగ్గరగా ఉండాలి. కోలాటం, భజన పాడేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

గుండీలు తిప్పేవాడితో మాట్లాడాలి

ఆంప్లిఫయరు మీద గుండీలు ఉంటాయి. బేస్ గుండీ లావు ధ్వనిని పెంచుతుంది. ట్రెబుల్ గుండీ సన్నని ధ్వనిని పెంచుతుంది. రికార్డు పాటల కోసం బేస్ బాగా పెంచి ఉంచుతారు. అదే లెక్కలో ఆడవాళ్ల గొంతు పెడితే మాట మసకబారుతుంది. "తమ్మీ, బేస్ తగ్గించు" అని చెప్పాలి.

ఎకో అనే గుండీ కూడా ఉంటుంది. అది పాడిన మాటనే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కొంచెం ఉంటే బాగుంటుంది. ఎక్కువైతే ఒక మాట మీద ఇంకో మాట పడుతుంది. వంత పాడేవాళ్లకు ఎప్పుడు అందుకోవాలో తెలియదు. కాబట్టి ఎకో తగ్గించమనాలి.

పైసలు ఇచ్చే ముందు పరీక్ష

మైకును చేత్తో కొట్టి, నోటితో ఊది చూస్తే లాభం లేదు. పాడే ఆమెనే తీసుకుపోవాలి. ఆమె ఒక పాట పాడాలి. ఇంకొకామె దూరంగా నిలబడి వినాలి. మాటలు విడివిడిగా తెలుస్తున్నాయా చూడాలి.

తర్వాత మైకును మెల్లగా పక్కకు, వెనక్కి తిప్పుతూ పాడాలి. ధ్వని బాగా తగ్గితే అది ముందు వైపు వినే మైకు.

తీగను కదిలించాలి. బరబర మంటే ఆ తీగ పనికి రాదు. పొడవు తీగకు మూడు పిన్నులది అడగాలి. దానిలో గుయ్ మనే చప్పుడు తక్కువ.

తీగ లేని మైకు అయితే కొత్త సెల్లు వేయించాలి. లేకపోతే పాట మధ్యలో మైకు ఆగిపోతుంది.

ఏటా కిరాయి ఇచ్చే సంఘాలు పొదుపు డబ్బుతో ఒక మంచి డైనమిక్ మైకు, ఒక తీగ, ఒక స్టాండు కొనుక్కోవచ్చు. ఆంప్లిఫయరు, బాక్సులు కిరాయికి తెచ్చుకుంటే చాలు. గొంతుకు అలవాటైన మైకు సంఘంలోనే ఉంటుంది.

కరెంటుతో జాగ్రత్త

బతుకమ్మ ఆట చెరువు దగ్గర. కాళ్ల కింద తడి. చాలామంది చెప్పులు విడిచి ఆడతారు. ఇలాంటి చోట కరెంటు ప్రమాదం ఎక్కువ.

మైకు ముట్టుకుంటే, పెదవికి తగిలితే, జుమ్మనిపిస్తే వెంటనే వదిలేయాలి. "ఏం కాదులే" అని పాడవద్దు. మెయిను ఆపించాలి. ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు పెట్టించాలి. అతుకులు వేసిన కరెంటు తీగలు నీళ్లలో పడకుండా చూడాలి. వాన వస్తే మైకుసెట్టు ఆపాలి. బతుకమ్మను నీళ్లలో విడిచేటప్పుడు తీగ మైకును గట్టు మీదే ఉంచాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2000లో వచ్చిన ధ్వని కాలుష్య నియమాల ప్రకారం మైకుసెట్టుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట మోగించరాదు. కొన్ని పండుగ రోజులలో రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం వీలు ఇవ్వవచ్చు. అవి ఏడాదికి 15 రోజులకు మించవు.

గుర్తు పెట్టుకుందాం

ఆరుబయట పాటకు డైనమిక్ మైకు తీసుకోవాలి.
ముందు వైపు వినే మైకు అడగాలి.
నాలుగు వేళ్ల దూరం ఉంచాలి. పిడిని పట్టుకోవాలి.
బాక్సులు పాడేవాళ్ల ముందు ఉండాలి.
బేస్, ఎకో తగ్గించాలి.
జుమ్మంటే మైకు వదిలి మెయిను ఆపించాలి.
మైకు ఎంచేటప్పుడు పాడే ఆమె అక్కడ ఉండాలి.

మాట్లాడుకోండి

మీ ఊరిలో ఎక్కువ పాటలు ఎవరికి వచ్చు? పోయిన పండుగకు ఆమె పాట చివరి వరుస దాకా వినబడిందా? మైకుసెట్టు మాట్లాడడానికి ఎవరు పోయారు? ఈసారి ఎవరు పోతే బాగుంటుంది?