పాదానికి తోడు నిలిచే బలం

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందనే ఆశతో కొందరు ఇంజను ఆపివేసి, కారును వాలుకు వదులుతారు. మొదటి ఒకటి రెండు మలుపుల వరకు బ్రేకు యథావిధిగా పనిచేస్తుంది. ఆ తరువాత పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. బ్రేకు చెడిపోయిందని చోదకుడు బెంబేలెత్తుతాడు. నిజానికి చెడినది బ్రేకు కాదు; అంతవరకు అతని పాదానికి తోడు నిలిచిన బలం తొలగిపోయింది. ఆ బలం ఎక్కడిది? ఇంజనే లేని విద్యుత్ కార్లలో అది ఎక్కడి నుండి రావాలి? సొంత వాహనాలు గల మన ఉద్యోగ మిత్రులందరూ తెలుసుకోదగిన విషయమిది.

శూన్యం చేసే సాయం

బానెట్ ఎత్తి చూస్తే, చోదకుని పెడలుకు ఎదురుగా గుండ్రని నల్లని డబ్బా ఒకటి కనిపిస్తుంది. అదే బ్రేకు బూస్టర్. బెల్జియం దేశీయుడు ఆల్బర్ట్ దెవాండ్ర 1927లో రూపొందించిన సాధనం దీనికి మూలం. డబ్బా లోపలి రబ్బరు పొర దానిని రెండు గదులుగా విభజిస్తుంది. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు ఏర్పడే పాక్షిక శూన్యం ఒక గొట్టం ద్వారా ఈ గదులకు చేరుతుంది. డీజిల్ ఇంజనులో అటువంటి శూన్యం తగినంత ఏర్పడదు కనుక ప్రత్యేకంగా పంపు అమర్చుతారు.

పెడలు నొక్కగానే వెనుక గదిలోకి బయటి గాలి ప్రవేశించి పొరను ముందుకు నెడుతుంది. పొర వ్యాసం 20 సెంటీమీటర్లు, రెండు గదుల మధ్య పీడన భేదం చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోలు అనుకుంటే, లభించే తోడ్పాటు సుమారు 188 కిలోల బరువుతో సమానం! ఇంజను ఆగితే మిగిలేది డబ్బాలో నిలిచిన శూన్యం మాత్రమే. అది కొద్దిసార్లు నొక్కేసరికి హరించుకుపోతుంది.

రెండు మార్గాలు

పాత కారులో ఇంజను తొలగించి విద్యుత్ మోటారు అమర్చేవారికి ఇదే సమస్య ఎదురవుతుంది. మొదటి పరిష్కారం, పాత బూస్టర్‌ను ఉంచి, దానికి విద్యుత్తుతో నడిచే శూన్య పంపును జోడించడం. రెండవది, బూస్టర్‌నే మార్చివేయడం. కొత్త సాధనంలో శూన్యంతో పనిలేదు. పాదం పెడలును ఎంత నొక్కిందో సెన్సార్ గ్రహిస్తుంది. చిన్న మోటారు, పళ్ళ చక్రాల ద్వారా మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. బాష్ సంస్థ 2013లో ఈ తరహా బూస్టర్‌ను ప్రవేశపెట్టింది. వేగం తగ్గేటప్పుడు కారు మోటారే జనరేటరుగా మారి బ్యాటరీకి విద్యుత్తు అందిస్తుంది. ఆ నిరోధం చాలనప్పుడు ద్రవ బ్రేకు ఎంత కావాలో ఈ బూస్టర్ సరిచూస్తుంది.

మార్పుకు ముందు

విద్యుత్ బూస్టర్ ఇంజను మీద ఆధారపడదు; కాని విద్యుత్తు మీద ఆధారపడుతుంది. కనుక బ్యాటరీ నుండి తగినంత మందమైన తీగ, ప్రత్యేక ఫ్యూజు, లోపాన్ని తెలిపే హెచ్చరిక దీపం తప్పనిసరి. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం, పెడలు నిష్పత్తి పాత బ్రేకులకు సరిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, విద్యుత్తు పూర్తిగా నిలిచినా పాదం బలం నేరుగా మాస్టర్ సిలిండర్‌కు చేరే మార్గం ఉండాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. విద్యుత్ వాహనంగా మార్చే కిట్లకు ఎ.ఐ.ఎస్.-123 ప్రమాణం ఉన్నది. కాబట్టి ఆమోదం పొందిన కిట్‌తో, అర్హతగల నిపుణుల చేతనే ఈ పని చేయించాలి.

ఒక చిన్న పరీక్ష

శూన్య బూస్టర్ గల కారును ఎవరైనా పరీక్షించవచ్చు. చదునైన నేలపై హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, పెడలు గట్టిపడేవరకు నాలుగైదుసార్లు నొక్కండి. పాదం తీయకుండా ఇంజను ప్రారంభించండి. పెడలు కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్లే. దిగకపోతే మెకానిక్‌కు చూపించనిదే బండి బయటకు తీయవద్దు.

బలం శూన్యం నుండి వచ్చినా, విద్యుత్తు నుండి వచ్చినా అది అరువు బలమే. అది ఎప్పుడు తొలగిపోతుందో ఎరిగిన చోదకుడు వాలు మీద ఇంజను ఆపడు. ఆదా అయ్యే నాలుగు చుక్కల పెట్రోలుకు ఇంటివద్ద ఎదురుచూసే వారి నిశ్చింతను పణంగా పెట్టడం తగదు.