త్యాగరాజస్వామి పేరిట చందా కచేరీ

సంగీతకర్తల పేరిట ధనం ప్రోగుచేయడం లోకంలో క్రొత్త సంగతి కాదు. కాని త్యాగరాజస్వామి పేరిట ఆ పనికి పూనుకొన్నవారికి మొదటనే ఒక చిక్కు ఎదురవుతుంది. రాజు పంపిన కానుకను తిరస్కరించినాడని ప్రతీతి గన్న వాగ్గేయకారుడాయన. తంబుర చేతబట్టి వీథి వెంట హరినామం పాడుతూ, గృహస్థులు వేసిన పిడికెడు బియ్యంతో సంసారం గడిపినాడు. అట్టి మహనీయుని పేర టిక్కెట్టు పెట్టవచ్చునా? పుష్యమాసంలో మారేడ్‌పల్లి వంటి పేటలో నాలుగు కుటుంబాలవారు కలిసి ఒక యింటి హాలులో ఆరాధన సాయంకాలం జరుపుకొని, వచ్చిన సొమ్ము ఒక సత్కార్యానికి వినియోగింపదలచినపుడు ఈ సందేహం పుట్టడం సహజం.

ఉంఛవృత్తిని యాచన అనుకోవడం పొరపాటు. అది ఒక వ్రతం. పాట ముందు, బియ్యం తరువాత. ఇంతయిమ్మని అడగడం లేదు, ఆనాటికి కావలసిన దానికి మించి కూడబెట్టడం లేదు. ఆలోచించి చూస్తే చందా కచేరీకి అంతకన్న మంచి పద్ధతి దొరకదు.

ఇక, పాట గదిలోనా, పెద్ద సభలోనా అన్నది రెండవ విషయం. ఒక్కొక్క వాద్యానికి ఒక్కరే చొప్పున నలుగురైదుగురు కూర్చుండి గదిలో వాయించుకొనే సంగీతాన్ని పాశ్చాత్యులు చేంబర్ మ్యూజిక్ అంటారు. మన కర్ణాటక సంగీతం పుట్టుకతోనే అట్టిది. గాత్రం, వయొలిన్, మృదంగం, వెనుక తంబుర శ్రుతి: ఇంతే పరివారం. తిరువయ్యారులో త్యాగరాజస్వామి శిష్యులకు పాఠం చెప్పినది తన యింటనే. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్య పరంపరలు ఆ యింటినుండి బయలుదేరినవే. మద్రాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ శుక్రవారం సాయంకాలాలలో తన యింట వీణ వాయించేది. మీటు సన్నము. పక్కవారు గట్టిగా కదలినా వినబడదని శ్రోతలు ఊపిరి బిగపట్టి కూర్చుండేవారట. అటువంటి గమకం మైకు ముందు నిలవదు. యింటి హాలులో నలభైమందికి లౌడుస్పీకరు పెట్టేవారిని చూస్తే, ఈ వ్యాసకర్తకు కొంచెం కోపం వస్తుంది.

ఐరోపాలో ఇదే పని ఎట్లు జరిగిందో చూడండి. లైప్‌జిగ్ నగరంలో బాఖ్‌కు స్మారకం లేదని మెండెల్సన్ 1840 ఆగస్టులో సెయింట్ థామస్ చర్చిలో ఒంటరిగా ఆర్గన్ కచేరీ చేసినాడు. కార్యక్రమమంతా బాఖ్ కృతులే. ఆ స్మారకం 1843 ఏప్రిల్‌లో వెలసింది. బాన్ పట్టణంలో బీథోవెన్ విగ్రహానికి చందాలు చాలకపోతే, లిస్ట్ ముందుకు వచ్చి లోటు భరించినాడు. ఆ విగ్రహావిష్కరణ 1845లో. అప్పటికి త్యాగరాజస్వామి తిరువయ్యారులో జీవించియే ఉన్నాడు; 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమినాడు, కావేరీ తీరాన సిద్ధి పొందినాడు. ఆయన సమాధికొక ఆలయం లేచేసరికి ముప్పాతిక శతాబ్దికి పైగా గడిచిపోయింది. దానిని లేవనెత్తినది ఏ రాజూ కాదు, ఏ సభా కాదు.

బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో, దేవదాసీ కుటుంబంలో పుట్టింది. సంస్కృతాంధ్ర కర్ణాటభాషలు చదివినది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించి, ప్రభుత్వ నిషేధానికి గురియైనదీ ఈమెయే, ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. త్యాగరాజ సమాధి పాడుబడి ఉన్నదని తెలిసి, కచేరీలలో ఆర్జించిన సొమ్మును, తన నగలను ఆ పనికే ధారపోసింది. 1921లో శంకుస్థాపన, 1925 జనవరిలో ప్రతిష్ఠ జరిగినవి.

తీరా ఆలయం నిలిచిన తరువాత జరిగినది వినదగినది. ఆరాధన జరిపేవారు అప్పటికే పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. ఆ రెండింటిలోను స్త్రీలకు పాడే చోటు లేదు. గోడలకు డబ్బిచ్చిన చేయి తాళం వేయకూడదన్నమాట! నాగరత్నమ్మ అంతటితో ఊరుకోలేదు. తోటి కళావంతులను కూడగట్టి, స్త్రీలచేతనే వేరుగా ఆరాధన చేయించింది. 1940 ప్రాంతంలో వర్గాలు ఏకమైనవి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్నాలను అందరూ ఒక్క గొంతై పాడే ఆచారం ఆ తరువాత స్థిరపడినదే. నేడు రేడియోలో వినే ఆ గోష్ఠిగానం అనాదిగా వస్తున్నదని చాలామంది అనుకొంటారు.

1949లో ఆమె తన ఆస్తిని సమాధి సేవకై వ్రాసియిచ్చినపుడు, అక్కడ స్త్రీలు కూడ గానపూజలు చేయవచ్చునని వీలునామాలో షరతు పెట్టింది. 1952లో కాలధర్మం చెందింది. ఆమె సమాధి స్వామి సన్నిధికి దాపుననే ఉన్నది. సొమ్ము ఇవ్వడంతో తన పని ముగిసిందని ఆమె అనుకోలేదు. ఇచ్చినది ఎవరికి, దేనికి, ఆ చోట పాడగలవారెవరు అని మూడూ కాగితం మీద పెట్టింది.

పేటలో చిన్న కచేరీ చేయదలచినవారికి ఇంతకన్న సలహా అక్కరలేదు. వీణ పాఠం చెప్పుకొనే ఒక పేద బాలికకో, ముసలితనాన కచేరీలు లేని మార్దంగికునికో, సొమ్ము చేరవలసిన చోటు ఆహ్వానపత్రంలోనే అచ్చువేయించాలి. పాటకు ముందే వాకిట ఒక పళ్ళెం ఉంచితే చాలు; ఎవరెంత వేసినారో చదివి వినిపించనక్కరలేదు. పాడేవారికి దారిఖర్చులు అందులోనుంచి తీయకుండ, పిలిచినవారే భరించాలి. పంచరత్నాలకు గొంతు కలిపేవారిలో పెద్ద పాటకులు, నిన్న మొన్న పాఠం మొదలుపెట్టినవారు ఒకే జంపఖానా మీద కూర్చుండవచ్చును. వరాళిని గురువు శిష్యునికి ఎదుట కూర్చుండబెట్టి నేర్పరాదని ఒక నమ్మకం ఉన్నది గాని, నలుగురితో గొంతు కలపడానికి దానికేమీ అభ్యంతరం లేదు.