జ్వరం తగ్గాక ఆయాసం ఎందుకు మిగులుతుంది?

కోవిడ్‌ గానీ ఫ్లూ గానీ వచ్చి తగ్గాక కొందరిని ఆయాసం, నీరసం, దగ్గు నెలల తరబడి వదలవు. అలాంటివారు ఆసుపత్రికి వెళితే కూర్చోబెట్టి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడతారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. రెండూ బాగుంటే ఏమీ లేదని పంపేయడం మామూలైపోయింది. ఇది సరైన పద్ధతి కాదు. కూర్చున్న మనిషి ఊపిరితిత్తులకు, గుండెకు పని తక్కువ; ఒంటికి శ్రమ పెట్టినప్పుడే కొన్ని లోపాలు బయటపడతాయి. అందుకే కోలుకుంటున్న మనిషిని కదిలించి చూడాలి, అదీ కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ చూడాలి. కంకర క్వారీల నడుమ ఉన్న పరిటాల వంటి ఊళ్లలో ఒకే ఆయాసానికి నాలుగు కారణాలు ఉండవచ్చు గనుక అక్కడ ఈ అవసరం ఇంకా ఎక్కువ.

ఈ బాధలు వట్టి ఊహలు కావు. చైనాలోని వూహాన్‌లో ఒక ఆసుపత్రి నుంచి 2020లో ఇంటికి చేరిన 1,733 మంది కోవిడ్ రోగులను సుమారు ఆరు నెలల తర్వాత పరీక్షిస్తే, ఎక్కువ మందిలో ఏదో ఒక లక్షణం మిగిలే ఉంది. జబ్బు పడనివారితో పోల్చలేదు గనుక అదంతా వైరస్ ఖాతాలో వేయలేమన్న విమర్శ సబబే. అయితే ఆ రోగులకు ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా పెట్టారు. నడవాల్సినంత దూరం నడవలేనివారు వారిలో కొందరు ఉన్నారు. ఇది రోగి చెప్పిన మాట కాదు, కొలిచిన దూరం. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ మొదలైన మూడు నెలలకు కనిపిస్తూ, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, వేరే జబ్బు వల్ల కాదని తేలిన లక్షణాలనే కోవిడ్ అనంతర స్థితిగా లెక్కించాలి.

ఈ చివరి షరతే పరిటాలకు కీలకం. పరిటాల, దొనబండ పరిసరాల్లో కొండలు పేల్చి కంకర కొడతారు. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది; పని మానేశాక కూడా ఆ సిలికోసిస్ ముదరవచ్చు. సిలికా పీల్చినవారికి క్షయ ముప్పూ ఎక్కువే. దగ్గంతా దుమ్ము వల్లేనని కొందరు, అంతా కోవిడ్ వల్లేనని కొందరు అంటారు. పరీక్షించకుండా ఏ పేరు పెట్టినా పొరపాటే. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయాలి; ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ కూడా చూడాలి. ఏ పని చేశారో, ఎన్నేళ్లు చేశారో అడిగి చీటీలో రాయాలి.

ఆ తర్వాత ఒంటి సత్తువను కొలవాలి. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కుర్చీలోంచి నిమిషం పాటు లేచి కూర్చోమని చెప్పి, ముందూ వెనకా ఆక్సిజన్ చూసి, 3 శాతం గానీ అంతకు మించి గానీ పడిపోతే పెద్దాసుపత్రికి పంపాలి. ముందే ఆక్సిజన్ తక్కువగా ఉన్నవారికి, ఛాతీ నొప్పి ఉన్నవారికి ఈ పరీక్ష చేయకూడదు. దడ, కళ్లు తిరగడం ఉంటే పడుకోబెట్టి ఒకసారి, పది నిమిషాలు నిలబెట్టి మరోసారి నాడి చూడాలి. పెద్దవారిలో బీపీ పడిపోకుండానే అది నిమిషానికి 30 పెరిగి నిలిస్తే నాడీ నియంత్రణలో లోపాన్ని అనుమానించాలి. శ్రమపడ్డ మర్నాడో ఆ మర్నాడో లేవలేకపోతున్నారా అని తప్పక అడగాలి. అలాంటివారిని వ్యాయామం పెంచమని ఒత్తిడి చేస్తే జబ్బు తిరగబెడుతుంది.

మందే లేనిదాన్ని కొలిచి లాభమేమిటని అడగవచ్చు. కొలిచినప్పుడే మందున్న క్షయ, రక్తహీనత, మధుమేహం బయటపడతాయి. సిలికోసిస్‌ని వెనక్కి మళ్లించలేకపోయినా, మనిషిని ధూళికి దూరం చేయవచ్చు. మిగిలినవారికి ఏ రోజు ఎంత పని చేయాలో చెప్పవచ్చు. చాలామందికి దానంతటదే తగ్గుతుందన్నదీ నిజమే. ఎవరికి తగ్గుతోందో, ఎవరికి తగ్గడం లేదో తెలియాలంటే నాలుగు వారాలకు ఒకసారి, పన్నెండు వారాలకు మరోసారి అదే పరీక్ష చేయాలి. రోజు కూలి మీద బతికేవారికి ఒంటి సత్తువే ఆస్తి. దాన్ని కొలవకుండా బాగున్నావని చెప్పడం అన్యాయం. ఎక్స్‌రే బాగుందని చెప్పినా ఆయాసం తగ్గకపోతే అక్కడితో ఆగిపోకండి. జబ్బుకు ముందు ఏ పని చేయగలిగేవారో, ఇప్పుడు ఏది చేయలేకపోతున్నారో డాక్టరుకు చెప్పి, నడిపించి చూడమని అడగండి.