వీధి కారుకు టర్బోచార్జర్ ఎంపిక: జూరాల, ఎల్లూరు నమూనాలతో ఒక వివరణ

వ్యాస సంగ్రహం

నిత్యం రోడ్డుపై తిరిగే కారుకు పెద్ద టర్బోచార్జర్ అమర్చాలనుకునేవారు సాధారణంగా గుర్రపు శక్తి అంకెతో మొదలుపెడతారు. ఆ ఎంపిక నిజానికి గాలి పరిమాణం, పీడన నిష్పత్తి, ఉష్ణోగ్రత, ఇంజను వాడుక వేగం అనే నాలుగు అంశాలపై ఆధారపడుతుంది. కృష్ణా తీరంలోని జలవిద్యుత్తు, ఎత్తిపోతల వ్యవస్థలను నమూనాలుగా తీసుకొని ఈ అంశాలను వివరించడం, వాహనదారుని మాటకూ యంత్ర లక్షణానికీ ఉన్న సంబంధాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టర్బోచార్జర్, పీడన నిష్పత్తి, కంప్రెసర్ పటం, వేస్ట్‌గేట్, పికప్, శాస్త్ర తెలుగు.

1. ఉపోద్ఘాతం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతంలో వాహనదారుడు మెకానిక్ వద్దకు వెళ్లి చెప్పే మాట "బండి గుంజుతలేదు" అనో, "పికప్ లేదు" అనో ఉంటుంది. ఈ రెండింటిలోనూ మూడు వేర్వేరు ఫిర్యాదులు ఇమిడి ఉండవచ్చు. ఒకటి, తక్కువ వేగంలో ఇంజనుకు బలం చాలకపోవడం. రెండు, యాక్సిలరేటర్ తొక్కిన తర్వాత బలం ఆలస్యంగా రావడం. మూడు, అధిక వేగంలో శక్తి ముందుగానే తగ్గిపోవడం. పెద్ద టర్బో మూడవదానికి మాత్రమే మందు. మొదటి రెండింటినీ అది మరింత పెంచుతుంది. కాబట్టి టర్బో ఎంపికలో తొలి మెట్టు యంత్ర పరిజ్ఞానం కన్నా ముందు అర్థ నిర్ణయం.

2. ఒకే ఇరుసుపై రెండు చక్రాలు

టర్బోచార్జర్ భావనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంట్ కోరాడు. ఇంజను నుంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకే బిగించిన మరో చక్రంతో గాలిని అదిమి ఇంజనులోకి పంపడం ఇందులోని సూత్రం.

దీనిని గ్రహించడానికి మన ప్రాంతంలోనే రెండు నమూనాలున్నాయి. గద్వాల సమీపంలోని ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టులో దిగువకు దూకే నీరు టర్బైన్‌ను తిప్పుతుంది. కొల్లాపూర్ సమీపంలోని ఎల్లూరు వద్ద మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం పంపులు నీటిని పైకి నెడతాయి. మొదటిది ప్రవాహం నుంచి శక్తిని తీసుకుంటుంది. రెండవది ప్రవాహానికి శక్తిని ఇస్తుంది. జూరాల చక్రాన్నీ ఎల్లూరు చక్రాన్నీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఎలా ఉంటుందో ఊహించగలిగితే టర్బోచార్జర్ అర్థమైనట్లే. అయితే చిన్న కారు టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు తిరగగలదు. అందుకే నూనె శుభ్రత, సరఫరా దాని ఆయుష్షును నిర్ణయిస్తాయి.

3. గాలి లెక్క

ఇంజను శక్తికి మూలం అది పీల్చే గాలి బరువు. పెట్రోలు ఇంజనుకు ప్రతి 10 గుర్రపు శక్తికి నిమిషానికి సుమారు 0.45 కిలోల గాలి కావాలన్నది వాడుకలో ఉన్న స్థూల సూత్రం. హుందాయ్ ఐ20 ఎన్ లైన్ వంటి 998 సీసీ, 120 గుర్రపు శక్తి ఇంజనును ఉదాహరణగా తీసుకుందాం. దీనికి నిమిషానికి 5.4 కిలోల గాలి అవసరం. 150 గుర్రపు శక్తి కావాలంటే 6.8 కిలోలు అవసరం.

నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలిని తీసుకుంటుంది. 6000 చుట్ల వద్ద, 90 శాతం నిండుతుందనుకుంటే, అది నిమిషానికి 2.7 ఘనమీటర్లు. ఇంటర్‌కూలర్ దాటిన గాలి 60 డిగ్రీల వద్ద ఉందనుకొని, గాలి మార్గంలోని పీడన నష్టాలను కూడా కలిపి లెక్కిస్తే, 120 గుర్రపు శక్తికి పీడన నిష్పత్తి సుమారు 2.1, 150కి సుమారు 2.6 అవుతుంది. అంటే కంప్రెసర్ తాను పీల్చిన గాలి పీడనాన్ని రెండున్నర రెట్లకు పైగా పెంచాలి. శక్తిలో 25 శాతం పెంపు కోరడమంటే టర్బోపై ఎంత భారం మోపుతున్నామో ఈ లెక్క చెబుతుంది.

4. కంప్రెసర్ పటం

టర్బో తయారీదారులు ప్రతి నమూనాకూ ఒక పటాన్ని ఇస్తారు. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా పీడన నిష్పత్తి, మధ్యలో దీవుల్లా సామర్థ్య వలయాలు ఉంటాయి. పై విధంగా లెక్కించిన బిందువులను 2000, 3000, 4500, 6000 చుట్ల వద్ద ఈ పటంపై గుర్తించాలి.

పటానికి ఎడమ అంచు 'సర్జ్' రేఖ. ప్రవాహం తక్కువగా ఉండి పీడనం ఎక్కువైతే గాలి వెనక్కు తన్నుతుంది. ఎత్తు మీది నీరు పంపును దాటి వెనక్కు వచ్చినట్లే ఇదీ ఇరుసుకు, బేరింగులకు చేటు. కుడి అంచు 'చోక్'; అక్కడ చక్రం ఎంత వేగంగా తిరిగినా గాలి పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది. తక్కువ చుట్ల బిందువులు సర్జ్ రేఖకు ఎడమన పడితే ఆ టర్బో ఆ ఇంజనుకు పెద్దది. 6000 చుట్ల బిందువు చోక్‌కు చేరువైతే అది చిన్నది. వీధి కారుకు చివరి బిందువు కన్నా మధ్య బిందువులే ముఖ్యం. జాతీయ రహదారి 44పై కొత్తకోట, పెబ్బేరు మీదుగా వెళ్లే కారు, మన్ననూరు దాటి నల్లమల మలుపులు ఎక్కే కారు ఎక్కువ సేపు గడిపేది ఆ మధ్య వేగాల్లోనే.

5. టర్బైన్ వైపు

టర్బైన్ గృహం పరిమాణాన్ని ఏ/ఆర్ నిష్పత్తి సూచిస్తుంది. ఇది తక్కువైతే ఇరుకు కాలువలో నీరులాగా పొగ వేగంగా చక్రాన్ని తాకుతుంది. టర్బో త్వరగా మేల్కొంటుంది. అదే ఇరుకు అధిక వేగంలో పొగకు అడ్డుపడి ఇంజనును ఊపిరాడనివ్వదు.

టర్బైన్లకు మించిన వరదను జూరాలలో గేట్లు ఎత్తి వదులుతారు. టర్బోలో ఆ పని చేసేది వేస్ట్‌గేట్. అది చిన్నదైతే పీడనం అదుపు తప్పుతుంది. మరొక పోలిక ఇంకా లోతైనది. భారీ వరద వేళ జూరాలలో నీరు సమృద్ధిగా ఉన్నా విద్యుదుత్పత్తిని ఆపవలసి వస్తుంది. దిగువ నీటిమట్టం పెరిగి ఎగువ, దిగువ మట్టాల తేడా తగ్గడమే అందుకు కారణం. టర్బైన్ పనిచేసేది ప్రవాహంతోనే కాదు, ఆ తేడాతో. టర్బో తర్వాతి పొగగొట్టం ఇరుకైతే ఇదే జరుగుతుంది. కాబట్టి టర్బో మార్చే ముందు పొగగొట్టాన్ని పరిశీలించడం అవసరం.

6. ఎండ

గాలిని అదిమితే వేడెక్కుతుంది. మన వేసవిలో 42 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యంతో 2.1 నిష్పత్తికి అదిమితే అది సుమారు 150 డిగ్రీలకు, 2.6కు అదిమితే 185 డిగ్రీలకు చేరుతుంది. సామర్థ్యం 60 శాతానికి పడితే రెండవది 205 దాటుతుంది. పైగా 15 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి 9 శాతం పలచన. వేడి గాలి సిలిండరులో ఇంధనాన్ని అకాలంగా మండించి 'నాకింగ్'కు దారితీస్తుంది; పిస్టన్లు దెబ్బతినేది అక్కడే. చల్లని దేశాల్లో సరిపోయిన అమరిక ఇక్కడ సరిపోకపోవడానికి కారణమిదే. అందువల్ల ఇంటర్‌కూలర్, ఇంధన సరఫరా, ఈసీయూ అమరిక, నిత్యం దొరికే పెట్రోలు ఆక్టేన్ సంఖ్య తేలిన తర్వాతనే టర్బో పరిమాణం తేలాలి.

7. చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. బీమా పరిహారం విషయంలోనూ ఇటువంటి మార్పు వివాదానికి తావిస్తుంది. రవాణా అధికారుల అనుమతి సాధ్యాసాధ్యాలను తెలుసుకోవడం విడిభాగం కొనడానికి ముందే జరగాలి. వడ్లు ఆరబోసిన రోడ్లపై, పశువులు అడ్డువచ్చే మలుపుల్లో పెరిగిన వేగానికి తగిన బ్రేకులు, టైర్లు లేకపోవడం ఇతరుల ప్రాణాలకు సంబంధించిన విషయం.

8. ముగింపు

మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలను, 1971లో చేనేత పదాలను గ్రంథస్థం చేసింది. గద్వాల మగ్గానికి దక్కిన ఆ శ్రద్ధ మెకానిక్ షెడ్డుకు ఇంకా దక్కవలసి ఉంది. టర్బో, వేస్ట్‌గేట్, ఇంటర్‌కూలర్ వంటి వస్తు నామాలు తెలుగులో స్థిరపడినవే. వాటికి సంస్కృత సమాసాలు కల్పించనవసరం లేదు. కొరత ఉన్నది అనుభవాన్ని వేరుచేసి చెప్పే మాటల్లో. 'పికప్' అనే ఒక్క మాటను 'కింది గుంజుడు', 'ఆలస్యం', 'పై వేగపు బలం' అని మూడుగా విడదీసి అడిగితే వాహనదారుడు తనకు కావలసినదేమిటో చెప్పగలడు. ఆ జవాబుల్లో మొదటి రెండు వస్తే ఉన్న టర్బోను, గొట్టాల లీకులను, ఇంటర్‌కూలర్‌ను సరిచేయడమే సరైన సలహా. మూడవది వచ్చినప్పుడే కంప్రెసర్ పటాన్ని తెరవాలి.