పాత కంప్యూటరు కొనే ముందు

మన భవాని పేటలో పాత యంత్రం కొనడం కొత్త సంగతి కాదు. షోలాపూరులో 1877లో మొదటి పెద్ద బట్టల మిల్లు నడక ప్రారంభించింది. నైజాం రాజ్యపు తెలంగాణా పల్లెలనుంచి మగ్గం పని చేతిలో పెట్టుకుని వచ్చిన మనవారు కొందరు మిల్లులలో చేరినారు, కొందరు ఇంట్లోనే మగ్గం నాటుకున్నారు. తరువాత పవర్‌లూముల కాలం వచ్చింది. పశ్చిమ భారతంలోని చిన్న పట్టణాలలో తొలిరోజుల్లో బిగించిన పవర్‌లూములలో చాలా భాగం పెద్ద మిల్లులు మార్చివేసిన పాత సాంచాలే. మిల్లువాడు పనికిరాదనుకున్నదానిమీద మన తాతలు బట్ట నేసి, పిల్లలను చదివించి, ఇళ్లు కట్టుకున్నారు. కనుక పాత సామాను కొనడంలో చిన్నతనమేమీ లేదు.

ఈనాడు మన కార్ఖానాలలోకి వచ్చే పాత యంత్రం కంప్యూటరు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి యాభై వేల రూపాయలకు మించిన సరుకు మరో రాష్ట్రానికి పంపాలంటే ఈ-వే బిల్లు కావలసి వచ్చింది. 2023 ఆగస్టు 1 నుంచి అయిదు కోట్లకు మించి వ్యాపారం చేసేవారికి ఈ-ఇన్వాయిసు కూడా తప్పనిసరి అయింది. ఎర్రగుడ్డ అట్టల చిట్టా ఆవర్జాలతో గడిచిన రోజులు పోయినవి. నాలుగు సాంచాలున్న ఇంటికి కూడా ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు అవసరమైనవి. కొత్తవి కొనాలంటే టవళ్లమీద, చాదర్లమీద మిగిలే రూపాయి చాలదు. అందుచేత పాతదానిమీదికి మనసు పోతుంది. మేమూ అలాగే పోయాము. పోయి దెబ్బతిన్నాము. ఆ సంగతి దాచుకోకుండా చెప్పటం నలుగురికి మేలని యీ వ్యాసం వ్రాస్తున్నాము.

2021లో మేము ఒక పాత కంప్యూటరును ఆరువేల అయిదువందలకు కొన్నాము. అమ్మినవారు బిల్లు ఇవ్వలేదు, మేము అడగలేదు. ధర చూసి మురిసిపోయాము. పదినెలలు బాగానే నడిచింది. 2022 జూన్ 8వ తేదీన ఉదయం మీట నొక్కితే టక్ టక్‌మని చప్పుడు చేసి ఊరుకున్నది. డిస్కు పోయింది. దానితోపాటు మే నెల అమ్మకాల లెక్క అంతా పోయింది. మరోచోట నకలు వ్రాసి పెట్టుకోలేదు.

మేము నెలనెలా రిటర్ను వేసేవారము. అమ్మకాల వివరాలు మరుసటి నెల 11వ తేదీలోగా ఇవ్వాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితపు బిల్లులు, లారీ రసీదులు ముందు పరచుకుని లెక్క మళ్లీ కట్టేసరికి 19వ తేదీ అయింది. 2022 జనవరి 1 నుంచి అమ్మినవాడు బిల్లు ఎక్కిస్తేనే కొన్నవాడికి పన్ను జమ దొరుకుతుందన్న నియమం వచ్చింది గదా. మా బిల్లులు ఆ నెల జాబితాలో లేవని మా సరుకు కొన్న వ్యాపారి డబ్బు నెల రోజులు ఆపినాడు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. కాని ఆ నెలలో మా దగ్గర నేసేవారికి, కండెలు చుట్టే ఆడవారికి రెండు వారాలు సగం కూలే ఇవ్వగలిగాము. జూన్ అంటే బడులు తెరిచే నెల. కండెలు చుట్టే ఒక తల్లి తన బిడ్డ పుస్తకాలకు అయిదువందలు అడిగితే, వచ్చే వారం చూద్దామన్నాము. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లి కండె చేతికి తీసుకున్నది. ఆ రోజు మాకు అన్నం సయించలేదు.

కొత్త డిస్కు, మెకానిక్కు కూలి, ఆలస్యపు రుసుము అన్నీ కలిపితే యంత్రం ధరను మించినవి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లయింది. తరువాత మెకానిక్కు ఆ డిస్కు లెక్క చదివి చూపినాడు. అది అప్పటికే నలభై వేల గంటలకు పైగా తిరిగినదట. యేడాదికి 8,760 గంటలు. ఎక్కడో రాత్రింబవళ్లు నడిచి నడిచి అలసిన డిస్కును మేము కొత్తదనుకున్నాము. కొనే రోజున అయిదు నిముషాలు చూసివుంటే తెలిసిపోయే సంగతి అది.

మా పెద్దనాయన నలభై యేళ్లు సాంచాలకు జాబర్‌గా పనిచేసినాడు. కంప్యూటరు ముట్టి ఎరుగడు. మా కథ విని ఒక్కమాట అన్నాడు: “బిడ్డా, పాత సాంచ కొనేటప్పుడు ధర ఆఖర్న అడగాలె. ముందుగాల దాన్ని విప్పి చేసేటోడు మన గల్లీల ఉన్నడా, దాని సామాను దొరుకుతదా అని అడగాలె.” మేము నేర్చుకున్నదంతా ఈ మాటలోనే వున్నది.

ఎటువంటిది కొనాలి?

హైదరాబాదు, పుణే, బెంగుళూరులలోని పెద్ద కంపెనీలు కంప్యూటర్లను వందల లెక్కన కొని, మూడు నాలుగేళ్లు వాడి, హామీ గడువు తీరగానే మార్చివేస్తాయి. అవే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు, ముంబయి లామింగ్టన్ రోడ్డు వంటి బజార్లకు చేరుతాయి. ఆఫీసుల కోసమే చేసిన రకాలు కొన్ని వున్నవి. డెల్‌వారి ఆప్టిప్లెక్సు, లాటిట్యూడు, హెచ్.పి.వారి ప్రోడెస్కు, ఎలైట్‌బుక్కు, లెనోవోవారి థింక్‌సెంటరు, థింక్‌ప్యాడు ఇటువంటివి. ఇవి సులువుగా విప్పటానికి వీలుగా వుంటవి. ఒకే రకం వేలకొద్దీ బజారుకు వస్తుంది గనుక ఒకదాని విడిభాగం మరొకదానికి దొరుకుతుంది. ఇంటివాడకానికి చేసిన తళతళలాడే రకంకన్నా, నల్లపెట్టెలాంటి యీ ఆఫీసు రకం మన కార్ఖానాకు నయం. ధర కూడా కొత్తదానిలో సగానికో, అంతకు తక్కువకో వస్తుంది.

వయసు చూడటం మరువరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇంటివాడకందార్లకు 2026 అక్టోబరు వరకు గడువు పొడిగించినారు, అంతే. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ ప్రాసెసరు సాధారణంగా ఎనిమిదవ తరానిదో, ఆ తరువాతిదో కావాలి. బల్లమీద పెట్టే కంప్యూటర్లలో యీ తరం తెలుసుకోవటం తేలిక. ఐ5-8500 అని వుంటే గీత తరువాతి మొదటి అంకె ఎనిమిది, అంటే ఎనిమిదవ తరం. ఐ5-6500 అయితే ఆరవ తరం. ఐ5-10500 వలె అయిదంకెలుంటే మొదటి రెండు అంకెలు చూడాలి, అది పదవ తరం. ఆరు, ఏడు తరాలవి ఇప్పుడు మరీ చవకగా వస్తున్నవంటే కారణం ఇదే. పన్నుల లెక్క, బ్యాంకు లావాదేవీ నడిపే యంత్రానికి రక్షణ లేకపోతే, తలుపు లేని ఇంట్లో పెట్టె పెట్టినట్లే.

డబ్బు చేతిలో పెట్టేముందు అక్కడే అరగంట నడిపించి చూడండి. ఫ్యాను గరగరమంటున్నదా, పెట్టె అతిగా వేడెక్కుతున్నదా చూడాలి. డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో, ఎంత ఆరోగ్యంగా వున్నదో చెప్పే ఉచిత సాధనాలున్నవి. దుకాణదారును ఎదుటనే చూపమని అడగండి. పాత కంపెనీవారు పెట్టిన తాళం, సంకేతపదం ఏదైనా మిగిలిందేమో చూడాలి. అట్టిది వుంటే ఎంత చవకైనా వద్దు. విండోస్ లైసెన్సు అసలుదేనా అడగండి. చివరగా, యంత్రం మీది సీరియల్ నెంబరు వేసిన బిల్లు తీసుకోండి. అది లేనిదే దొంగసొత్తో కాదో తెలియదు, హామీ అడగటానికీ ఆధారం వుండదు. పూర్తి పన్ను వేసిన బిల్లు అయితే ఆ పన్ను జమ కూడా మనకు రావచ్చు. ఆ సంగతి మీ లెక్కలు చూసేవారిని అడగండి.

పాత తిరుగుడు డిస్కు వుంటే తీసివేయించి కొత్త ఎస్.ఎస్.డి. వేయించటం మంచిది. యంత్రం పాతదైనా లెక్క వుండే చోటు మాత్రం కొత్తది కావాలి. దీనితో యంత్రపు వేగమూ పెరుగుతుంది.

మన పేటకు ప్రత్యేకమైన శత్రువు

పుస్తకాలలో వ్రాయని శత్రువు మన పేటలో ఒకటున్నది. అది దూది నూగు. టవళ్లు నేసే చోట గాలిలో ఎంత నూగు ఎగురుతుందో మనకు చెప్పనక్కరలేదు. కంప్యూటరు లోపలి ఫ్యాను ఆ నూగును పీల్చుకుంటుంది. నూగు లోపలి రేకుల మధ్య పరుపులా పేరుకుంటే వేడి బయటికి పోదు. షోలాపూరు ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది గదా, యంత్రం నెమ్మదించి చివరికి ఆగిపోతుంది.

అందుచేత కంప్యూటరును సాంచాలున్న గదిలో పెట్టవద్దు. వేరే గది లేకపోతే తలుపుతో కూడిన అడ్డుగోడ అయినా కట్టించండి. నేలమీద గాక జానెడు ఎత్తున పెట్టండి. రాత్రి గుడ్డ కప్పవచ్చు గాని, నడుస్తుండగా కప్పరాదు. నెలకొకసారి తీగ ఊడదీసి, బయటికి తెచ్చి, పక్క రేకు తీసి, గాలి మిషనుతో నూగు ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది అతివేగంగా తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ ముట్టించవద్దు. రెండు మూడేళ్లకొకసారి ప్రాసెసరు మీది పేస్టు మెకానిక్కుచేత మార్పించాలి.

సాంచాల మోటార్లు మొదలైనప్పుడు కరెంటు తగ్గి హెచ్చుతుంది. కనుక కంప్యూటరుకు వేరే లైను, మంచి ఎర్తింగు, ఒక యు.పి.ఎస్. వుండాలి. యు.పి.ఎస్. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకు బలం తగ్గుతుంది. అది మోగేదాకా ఆగక ముందే చూసుకోవాలి. మరొక చిన్న సంగతి. ఒకనాడు జి.ఎస్.టి. సైటు తెరుచుకోక మేము సగం రోజు తలబాదుకున్నాము. చూస్తే కంప్యూటరు తేదీ ఎన్నో యేళ్లు వెనక్కు పోయివున్నది. తేదీ తప్పితే భద్రమైన సైట్లు తెరుచుకోవు. లోపల సి.ఆర్. 2032 అనే బిళ్ళ బ్యాటరీ అయిపోయింది, అంతే. తక్కువ ఖర్చుతో పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు.

లెక్క పదిలం

యంత్రం పోతే మళ్లీ కొనవచ్చు, లెక్క పోతే కొనలేము. వార్షిక రిటర్ను గడువు తేదీనుంచి 72 నెలలపాటు లెక్కలు భద్రపరచాలని జి.ఎస్.టి. చట్టం చెబుతున్నది. ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆచారం పెట్టుకున్నాము. వారం కూలి లెక్క చూసే సాయంత్రమే లెక్కల నకలు రెండు విడి డిస్కుల మీద తీస్తాము. ఒకటి ఇంటి బీరువాలో, రెండోది వేరే పేటలో వున్న మా చెల్లెలి ఇంట్లో. పదిహేను నిముషాల పని. నకలు నిజంగా తెరుచుకుంటున్నదో లేదో మూడు నెలలకొకసారి తెరిచి కూడా చూస్తాము.

ఇక మరీ చెడిపోయిన యంత్రాన్ని భంగారుకు వేసేముందు డిస్కు తీసి అందులోని లెక్కలు తుడిపించండి. తీగలు కాల్చి రాగి తీసేవారికి ఇవ్వవద్దు. ఆ పొగ మన గల్లీ పిల్లలే పీలుస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అట్టివి నమోదైన రీసైక్లర్లకు చేరాలి.

ఇప్పుడు మేము వాడుతున్నదీ పాత యంత్రమే. పై పరీక్షలన్నీ చేసి, బిల్లుతో కొన్నాము. దాన్ని విప్పి చేసే కుర్రవాడు మా గల్లీ మూలమీదనే వున్నాడు, మన పేట పిల్లవాడే. కొనేముందు అతనినే వెంట తీసుకుపోయాము. మిగిలిన డబ్బులో నుంచి ఆ తల్లి బిడ్డకు ప్రతి జూన్‌లో పుస్తకాలకు కొంత ముందుగానే తీసి పెడుతున్నాము.

మన బంధువులలో ఎవరికైనా ఇంతకన్నా మంచి ఉపాయాలు తెలిసివుంటే మాకు వ్రాయండి. నలుగురి అనుభవమూ ఒకచోట చేరితే అందరికీ మేలు.