ఖరగ్‌పూర్ ఇల్లు: అద్దె, మరమ్మతు, అప్పు

2016లో మా ఖరగ్‌పూర్ ఇంటికి టైల్సు వేయించాను. అంతకు రెండేళ్ల ముందు నాన్నగారు పోయారు. అమ్మ కింద రెండు గదుల్లో ఉంటుంది. పక్క పోర్షన్‌కి, మేడమీద పోర్షన్‌కి వచ్చే అద్దె, ఫ్యామిలీ పెన్షనూ కలిపి ఆమె ఇల్లు నడుపుకుంటుంది. ఇల్లు మెరిసిపోతే అద్దె పెరుగుతుందని నా లెక్క. స్టాఫ్ లోన్ లిమిట్లు అప్పటికే వేరే అవసరాలకు వాడేసి ఉండడంతో బయట ఒకచోట రెండున్నర లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాను. 12 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. నెలకు సుమారు 5,560 రూపాయల వాయిదా. "పైనుంచి నీళ్లు కారుతుంటే కింద టైల్సెందుకురా?" అని అమ్మ అడిగింది. మేనేజ్‌మెంట్ డిగ్రీ ఉన్నవాణ్ణి కదా, వినలేదు. తరవాతి వానాకాలానికే మేడమీద గదుల శ్లాబు పెచ్చులు ఊడి, కొత్త టైల్సు మీదే పడ్డాయి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. వాయిదాలు మాత్రం నా జీతంలోంచి ఐదేళ్లూ కట్టాను.

మన బ్యాంకు కుటుంబాల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. బదిలీల మీద మనం ఒక ఊళ్లో, అమ్మానాన్నలు కట్టిన ఇల్లు మరో ఊళ్లో. దాన్ని అమ్మలేం, ఖాళీగానూ ఉంచలేం. అందుకే రెండోసారి నేను సరిగ్గా చేసిన పని లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు పని కోసం వెళ్లి స్థిరపడ్డారు. హౌరా లైను మీద ఒక రాత్రి ప్రయాణం. అక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇల్లంటే రైల్వే క్వార్టరే. నేను పుట్టి పెరిగింది అలాంటి క్వార్టర్లోనే. రిటైరయ్యాక మామూలు అద్దె మీద నాలుగు నెలలు, ఎక్కువ అద్దె మీద మరో నాలుగు నెలలు ఉండనిస్తారు. క్వార్టర్ అప్పగించేదాకా గ్రాట్యుటీ ఆపుతారు. అందుకే చాలామంది సర్వీసు చివర్లో మలంచా, తాల్‌బాగిచా, ఇందా లాంటి చోట్ల చిన్న జాగా కొని, పీఎఫ్ డబ్బుతో కింద సగం కట్టి, గ్రాట్యుటీ వచ్చాక మేడ లేపుతారు. ఇలా రెండు విడతల్లో, రెండు చేతుల మీద కట్టిన ఇళ్లకు పైకప్పు దగ్గరే జబ్బు మొదలవుతుంది. మాదీ అంతే.

అద్దెకొచ్చేవాళ్ల కొరత అక్కడ లేదు. క్వార్టర్ కోసం ఎదురుచూసే రైల్వే ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు, నింపురా వైపు ఫ్యాక్టరీల వాళ్లు, ఐఐటీలో ప్రాజెక్టు పనుల మీద వచ్చేవాళ్లు ఇల్లు వెతుక్కుంటూనే ఉంటారు. 1951లో పెట్టిన ఆ ఐఐటీ విద్యార్థులు హాస్టళ్లలో ఉంటారు కాబట్టి వాళ్లను లెక్కలోకి తీసుకోకండి. చూడ్డానికొచ్చిన వాళ్లు అడిగే మొదటి మూడు ప్రశ్నలు: వేసవిలో నీళ్లు వస్తాయా, కరెంటు మీటరు విడిగా ఉందా, వాన కారుతుందా. టైల్సు రంగు ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

2022లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు డబ్బు కంటే ముందు కాగితాలు అడ్డం వచ్చాయి. ఇల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉంది. ఎనిమిదేళ్లు గడిచినా మేమెవరం ఆ సంగతి ఎత్తలేదు. చనిపోయినవారి పేరున ఉన్న ఆస్తిని ఏ బ్యాంకూ తనఖా పెట్టుకోదు. వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అక్కకు, నాకు సమాన వాటాలు. అక్కా నేనూ మా వాటాలు అమ్మకు గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేశాం. సంతకం పెట్టడానికి అక్క రాయగడ నుంచి రెండుసార్లు రావలసి వచ్చింది. ఆ తరవాత భూమి రికార్డుల ఆఫీసులో మ్యుటేషన్, పురపాలక సంఘంలో హోల్డింగ్ పేరు మార్పు, కొత్త పర్చా. అన్నీ కలిపి ఏడు నెలలు పట్టింది. మీ ఇంటి పరిస్థితీ ఇదే అయితే మేస్త్రీని పిలవక ముందే ఈ పని మొదలుపెట్టండి. మంజూరైన ప్లాను దొరక్కపోయినా అప్పు దగ్గర ఆగిపోతుంది. ఖరగ్‌పూర్‌లో ఇంకో సంగతి చూసుకోవాలి. ఊళ్లో చాలా నేల రైల్వేది. రైల్వే స్థలంలో ఎన్నేళ్లుగా ఉంటున్నా ఆ ఇంటి మీద గృహ రుణం రాదు.

ఇక పని సంగతి. ఈసారి మేస్త్రీ కంటే ముందు సివిల్ ఇంజనీరును తీసుకెళ్లాను. డాబా మీద రెండు రోజులు నీళ్లు కట్టి చూశాడు. మేం శ్లాబు మధ్యలో పగుళ్లు వచ్చాయనుకుంటున్నాం. నీళ్లు దిగుతున్నది అక్కడ కాదు. పిట్టగోడ శ్లాబును కలిసే మూల నుంచి, వాననీటి గొట్టం నోటి దగ్గర నుంచి, ట్యాంకు దిమ్మ కింద నుంచి. మూడూ అతుకులే. పాత పూత చెక్కించి, పగుళ్లు పూడ్చి, వాటం సరిచేసి, మళ్లీ నీళ్లు కట్టి చూసి, ఆ తరవాతే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాడు. లోపలి వైపు పెచ్చులూడిన చోట ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. తుప్పు గీకకుండా పైపైన సిమెంటు మెత్తితే రెండేళ్లలో మళ్లీ ఊడుతుందన్నాడు. 2016లో నేను చేయించింది సరిగ్గా ఆ మెత్తుడే. పని ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి అక్కడ కాల్‌బైశాఖి గాలివానలు మొదలవుతాయి, తడి శ్లాబు మీద ఏ పూతా నిలవదు.

రెండో ఖర్చు నీళ్లకు. బోరు మోటారు, పెద్ద ట్యాంకు, ఒక్కో పోర్షన్‌కి వేరే పైపు. మూడోది వైరింగు, విడి మీటరు. అక్కడ ఇళ్ల కరెంటు బిల్లు చాలా ఏళ్లుగా మూడు నెలలకోసారి లెక్కకట్టడం రివాజు. అద్దెకున్నవాళ్లు మధ్యలో వెళ్లిపోతే బిల్లు ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. పైగా రెండు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోయి, అందరికీ రేటు పెరుగుతుంది. విడి మీటరు వచ్చాక అమ్మకు ఆ పంచాయితీ తప్పింది.

అంచనా మూడున్నర లక్షలు. చివరికి నాలుగు లక్షలైంది. పెరిగిందంతా ఆ తుప్పు చువ్వల దగ్గరే. పాత ఇంటికి అంచనా మీద 15 శాతం అదనంగా చేతిలో లేకుండా గోడ కొట్టించకండి. మంజూరైన మొత్తం దాటిన ఖర్చుకు బ్యాంకు మధ్యలో ఇవ్వదు. ఈ మాట కౌంటరుకు ఇవతల కూర్చుని మనమే చెబుతుంటాం, మన ఇంటికొచ్చేసరికి మరిచిపోతాం.

ఇప్పుడు లెక్క. పని కాకముందు కింద పోర్షన్ అద్దె 4,000. మేడ ఖాళీ. పని అయ్యాక కింద 5,000, పైన 6,000. అంటే మరమ్మతు వల్ల నెలకు 7,000 పెరిగింది. ఏడాదికి 84,000, నాలుగు లక్షలు ఐదేళ్లలోపే తిరిగొస్తాయని కాగితం చెబుతుంది. కానీ ఇంటికి 12 నెలలూ అద్దె రాదు. ఒకరు వెళ్లి మరొకరు రావడానికి, సున్నం వేయించడానికి నెలా రెండు నెలలు పోతాయి. పది నెలలకే లెక్కేస్తే 70,000. పన్ను, కుళాయిలు, మోటారు రిపేర్లకు 12,000 తీస్తే మిగిలేది 58,000. అసలు తిరిగి రావడానికే దాదాపు ఏడేళ్లు, వడ్డీ కాక.

కాబట్టి వాయిదా ఈ 58,000లో ఇమడాలి. మూడు లక్షల అప్పును 2016లో లాగా 12 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 6,673, ఏడాదికి 80,000 పైన. ఏటా 22,000 లోటు. అదే మూడు లక్షలు ఇంటి తనఖా మీద మరమ్మతు రుణంగా 9 శాతానికి పదేళ్లకు తీసుకున్నాం. వాయిదా 3,800, ఏడాదికి 45,600. ఏటా 12,000 మిగులు. అయితే పదేళ్ల మొత్తం వడ్డీ సుమారు 1,56,000. ఐదేళ్ల పర్సనల్ లోన్ అయితే లక్షే. తక్కువ రేటు ఉన్న అప్పుకే మొత్తం వడ్డీ ఎక్కువ! గడువు పెరిగినందుకు చెల్లించే ధర అది. అయినా నేను పదేళ్లే ఎంచుకున్నాను. అమ్మ ఇంటి ఖర్చు డబ్బు ఒక్క నెల కూడా తగ్గకూడదన్నది నా మొదటి షరతు. పైగా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహ రుణాలను ముందుగా తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. బోనసో, ఎరియర్సో వచ్చినప్పుడల్లా అసల్లో జమ చేస్తున్నాను.

అప్పు ఎవరి పేరున ఉండాలన్నది చిన్న విషయం కాదు. ఇంటి యజమాని అమ్మ, కాబట్టి ఆమె రుణగ్రహీత. వయసు రీత్యా నేను సహ రుణగ్రహీతను. ఇల్లు అమ్మది, అప్పు నాది ఒక్కడిదే అయి ఉంటే, యజమానిని కాను గనుక ఆ వడ్డీకి నాకు పన్ను మినహాయింపు లేదు, అప్పు తనది కాదు గనుక అమ్మకూ లేదు. అద్దె ఆదాయంలోంచి ముందు ఆ ఏడాది నిజంగా కట్టిన పురపాలక పన్ను తీసేస్తారు. మిగిలినదాంట్లో 30 శాతం, మీరు మరమ్మతుకు ఎంత పెట్టినా పెట్టకపోయినా, మినహాయింపే. ఆపైన వడ్డీ. మా మొదటి ఏడాది లెక్క: అద్దె 1,10,000, పన్ను 3,000 పోగా 1,07,000, అందులో 30 శాతం 32,100 పోగా 74,900, వడ్డీ సుమారు 26,200 పోగా 48,700 మాత్రమే ఆదాయం. అమ్మ ఉండే భాగానికి వడ్డీలో వాటా విడగొట్టాలి, ఇక్కడ సులువు కోసం కలిపి చూపించాను. మరమ్మతు రుణం అసలుకు 80సీ వర్తించదు, అది కొనడానికి, కట్టడానికి తీసుకున్న అప్పులకే.

అద్దె ఒప్పందం గురించి రెండు మాటలు. పశ్చిమ బెంగాల్ ప్రెమిసెస్ టెనెన్సీ చట్టం, 1997 కోల్‌కతా, హౌరా కార్పొరేషన్ల బయట నెలకు 3,000 రూపాయలు దాటిన నివాస అద్దెలకు వర్తించదు. అంతకు తక్కువ అద్దెలో పాతుకుపోయినవారిని ఖాళీ చేయించాలంటే ఆ చట్టం చెప్పిన కారణాల్లో ఒకటి ఉండాలి. మా ఇంటి అద్దెలు దానికి పైనే కాబట్టి ఒప్పందం, ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాలి గనుక అందరిలాగే 11 నెలలకు రాసుకుంటాం.

మన అధికారులకు మరో జాగ్రత్త. 1976 ప్రవర్తనా నియమావళి ప్రకారం మన పేరున గానీ కుటుంబ సభ్యుల పేరున గానీ స్థిరాస్తిని కొన్నా, అమ్మినా, లీజుకిచ్చినా, తనఖా పెట్టినా, గిఫ్టుగా ఇచ్చినా ముందుగా బ్యాంకుకు తెలియజేయాలి. నా గిఫ్ట్ డీడ్‌కి ముందే లెటర్ పెట్టాను. స్టాఫ్ హౌసింగ్ లోన్‌తో కట్టిన ఇల్లు అద్దెకివ్వాలనుకునేవారు ఆ స్కీము సర్క్యులర్ ఒకసారి తీసి చదువుకోండి.

మేడమీద ఇప్పుడు ఝాడ్‌గ్రామ్ వైపు నుంచి వచ్చిన నర్సమ్మ, ఆమె భర్త, చిన్న పిల్లవాడు ఉంటున్నారు. అమ్మను "మాషీమా" అంటారు. పోయిన శ్రావణంలో మూడు రోజులు ఆగకుండా వాన పడితే, రాత్రి పదింటికి అమ్మ ఫోన్ చేసింది. గుండె జారిపోయింది. "ఏం లేదురా, పైకెళ్లి చూసొచ్చాను. ఎక్కడా చుక్క లేదు. ఆ టైల్సు మీద పిల్లాడు సైకిలు తొక్కుతున్నాడు," అంది.