పప్పుచారు గరిటె, ఫుట్‌బాల్ టాసు

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. బగాన్ దతోలో సాయంత్రం పూట కొబ్బరితోటల గాలి తగులుతుంటే ఎంత అలకైనా తీరిపోవాలి. మన చిన్నోడికి మాత్రం మధ్యాహ్నం నుంచీ తీరలేదు. నానమ్మ వడ్డించిన పప్పుచారులో అన్నకే పప్పు ఎక్కువ పడిందట! వాడు చెప్పింది నిజమేరా.

పప్పుచారు కదపకుండా ఉంచితే పప్పు అడుక్కి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. మొదటి గరిటెలో ఒక వంతు పప్పు, రెండోదాంట్లో రెండు, ఆపైన మూడు, నాలుగు అనుకోండి. చిన్నోడికి, పెద్దోడికి, మళ్లీ చిన్నోడికి, పెద్దోడికి అని వేస్తే చిన్నోడికి ఒకటీ మూడూ కలిపి నాలుగు, పెద్దోడికి రెండూ నాలుగూ కలిపి ఆరు. ఇద్దరికీ రెండేసి గరిటెలే పడ్డాయి, పప్పు మాత్రం సమానంగా పడలేదు. ఇప్పుడు వరుస మార్చి చిన్నోడు, పెద్దోడు, పెద్దోడు, చిన్నోడు అని వేద్దాం. ఒకటీ నాలుగూ ఐదు, రెండూ మూడూ ఐదు! ఇది మొదటిసారి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు, కాగితం మీద లెక్కలే వేసుకుంటూ కూర్చున్నాను. ఎనిమిది గరిటెలైతే తర్వాతి నాలుగూ పెద్దోడితో మొదలుపెట్టి తిరగేయాలి. వేసి చూడండి, ఇద్దరికీ పద్దెనిమిదేసి వస్తుంది. గణితంలో దీన్ని త్యూ–మోర్స్ వరుస అంటారు.

అమెరికా ఫుట్‌బాల్లో వచ్చిన తగువూ ఇలాంటిదే. ఆట సమమైతే బొమ్మా బొరుసా వేసేవాళ్లు, గెలిచినవాళ్లు మామూలుగా బంతి తీసుకునేవాళ్లు. 2022 జనవరిలో బఫెలోతో ఆడుతూ కాన్సాస్ సిటీ జట్టు అలా టాసు గెలిచి, బంతి పట్టుకుని నేరుగా టచ్‌డౌన్ చేసేసింది. అప్పటి నియమం ప్రకారం ఆట అక్కడికి సరి. అదనపు సమయంలో బఫెలో వాళ్ల దాడి ఆటగాళ్లకి బంతి చేతికే రాలేదు! నాణెం తప్పేమీ లేదు, అది ఇద్దరికీ సమానంగానే తిరిగింది. టాసు గెలిచినవాడికి అంత పెద్ద ముద్ద పెట్టడమే తప్పు. ఆ ఏడే ప్లేఆఫ్‌లకి, 2025లో మామూలు ఆటలకి కూడా ఇద్దరికీ బంతి దక్కేలా నియమం మార్చారు. అయినా రెండోవాడికి తనకెన్ని పాయింట్లు కావాలో ముందే తెలిసిపోతుందిగా, అదీ ఒక లాభమే.

మన మలేషియాలో 1997లో ప్రపంచ యువ ఫుట్‌బాల్ జరిగినప్పుడు 'గోల్డెన్ గోల్' ఉండేది. అదనపు సమయంలో ముందు గోల్ కొట్టినవాళ్లదే గెలుపు. అక్కడ బంతి కోసం ఇద్దరూ పరుగెత్తొచ్చు కాబట్టి నాకు అది కాస్త నయమనిపిస్తుంది. అదనపు సమయంలోనూ తేలకపోతే ఇక పెనాల్టీలే. 2007 ఆసియా కప్పులో మన బుకిత్ జలీల్‌లో దక్షిణ కొరియా పెనాల్టీలతో ఇరాన్‌ని ఓడించింది, మూడు రోజులకే అదే మైదానంలో పెనాల్టీలతోనే ఇరాక్ చేతిలో ఓడింది. ఆ ఇరాకే కప్పు ఎత్తింది.

పెనాల్టీల్లో మాటిమాటికీ ఒకే జట్టు ముందు తన్నితే, రెండో జట్టు తరచూ వెనకబడి ఉండి, ఆ బరువు మోస్తూ తన్నాలి. దాంతో ఎంత నష్టమో పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 2017లో మన మొదటి నాలుగు గరిటెల వరుసనే మళ్లీ మళ్లీ తిప్పుతూ పెనాల్టీల్లో ప్రయత్నించారు. మరీ చిక్కుగా ఉందని మరుసటి ఏడాది మానేశారు, నాకు బాధేసింది. టెన్నిస్ టైబ్రేక్‌లో మాత్రం ఒకరు ఒక సర్వీసు, తర్వాత ఇద్దరూ రెండేసి చొప్పున, ఆ వరుస హాయిగా నడుస్తోంది.

ఏంటి తల్లీ? అడుగుదాకా కలిపి వడ్డిస్తే ఈ లెక్కంతా ఎందుకు తాతయ్యా అంటావా? చారునైతే కలపొచ్చు. పెనాల్టీ మాత్రం ఎవరో ఒకరు ముందు తన్నాల్సిందేగా!